తాటిపండు లేని నెలల్లో

నాయనమ్మల మీద, అమ్మమ్మల మీద మన ఆడవాళ్లం రాసుకున్న జ్ఞాపకాలు ఈ ఇరవై ముప్పై ఏళ్లలో చాలా వచ్చాయి. ఎక్కడ కనిపించినా వదలకుండా చదువుతాను. చదువుతూ చదువుతూ ఒక విషయం గమనించాను. ఆ అవ్వల వంట గురించి, వాళ్ల చేతి చలవ గురించి, చెప్పిన కథల గురించి, పడిన కష్టాల గురించి పేజీలకు పేజీలు రాస్తాం. భక్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతాం. 'ఆమెకు దేవుడంటే ప్రాణం' అంటాం, ముందుకు వెళ్లిపోతాం. చామనఛాయ, పొడుగు జడ అన్నట్టుగా భక్తిని కూడా మనిషి ఆనవాళ్లలో ఒకటిగా రాసేస్తాం.

ఎందుకిలా జరుగుతోంది? దేవుణ్ణి నమ్మేవాళ్లకి అవ్వ భక్తి పవిత్రమైనది, దాన్ని ప్రశ్నించకూడదు. నమ్మనివాళ్లకి అది ఆ తరం బలహీనత, ప్రేమ కొద్దీ క్షమించి వదిలేయాలి. ఒకరు దండం పెడతారు, ఇంకొకరు జాలిపడతారు. ఆ భక్తితో ఆమె ఏం పని చేసింది, ఎక్కడికి వెళ్లింది, ఎవరి మాట కాదంది, దానివల్ల ఆమెకు ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్న ప్రశ్నలు ఇద్దరూ వేయరు.

ఈ మాట తేల్చుకోవడానికి మా ప్రాంతపు అవ్వలందరికీ అవ్వ అనదగిన పోకల దమ్మక్క కథను తీసుకుంటున్నాను. భద్రాచలం వెళ్లినవాళ్లు ఆమె పేరు వినే ఉంటారు. స్థల పురాణం చెప్పేది ఇది. 17వ శతాబ్దంలో భద్రిరెడ్డిపాలెం అనే పల్లెలో దమ్మక్క ఉండేది. ఒక రాత్రి రాముడు కలలో కనిపించి, భద్రగిరి మీద ఉన్నాను, నన్ను వెతికి పూజించు అన్నాడు. తెల్లారి ఆమె కొండెక్కి వెతికితే పుట్టలో విగ్రహాలు కనిపించాయి. గోదావరి నీళ్లు బిందెల కొద్దీ మోసుకొచ్చి పుట్ట మీద పోసి మట్టి కరిగించింది. ఊరివాళ్ల సాయంతో అడవి కొంత నరికి, పందిరి వేసి, పక్కనే చెట్టు నుంచి రాలిన తాటిపండు రోజూ నైవేద్యం పెట్టింది.

ఆ కలలో ఇంకో మాట కూడా ఉంది. నా మరో భక్తుడు ఒకడు రాబోతున్నాడు, గుడి అతను కట్టిస్తాడు అని రాముడు ఆమెకు ముందే చెప్పాడట. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఈ మాటే. దమ్మక్క పని మొదలుపెట్టకముందే ఆ పని పేరు ఎవరికి వెళ్లాలో తేలిపోయింది. కథ చెప్పేవాళ్లు ఆమెను మొదటి అధ్యాయంలో కూర్చోబెట్టి, ఆ అధ్యాయానికి 'పూర్వరంగం' అని పేరు పెట్టారు.

ఆ రాబోయే భక్తుడు మనందరికీ తెలిసిన కంచర్ల గోపన్న. ఖమ్మం దగ్గర నేలకొండపల్లిలో పుట్టాడు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులుగా ఉన్న అక్కన్న, మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చి, వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, ఆ నేరానికి గోల్కొండలో పన్నెండేళ్లు ఖైదులో ఉన్నాడని చెప్తారు. రాముడూ లక్ష్మణుడూ మారువేషాల్లో వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించారని కథ. ఆయన పాడుకున్న కీర్తనలు మిగిలాయి. ఉన్న చీకటి కొట్టు మిగిలింది, ఇవాళ్టికీ గోల్కొండకు వెళ్తే 'రామదాసు బందిఖానా' అని చూపిస్తారు. 1964లో చిత్తూరు నాగయ్య స్వయంగా నటించి దర్శకత్వం వహించి రామదాసు కథను సినిమా తీశారు. 2006లో కె. రాఘవేంద్రరావు నాగార్జునతో 'శ్రీరామదాసు' తీశారు. అందులో దమ్మక్కగా సుజాత నటించారు. మంచి నటి, పెద్ద పేరున్న నటి. అయినా సినిమా పేరు చూస్తేనే తెలుస్తుంది కదా కథ ఎవరిదో!

రామదాసును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సీతమ్మ తల్లీ, నా సంగతి నీ భర్తకు నువ్వైనా చెప్పవమ్మా అని వేడుకున్న ఆ మనిషికి, ఇళ్లల్లో మాట ఎవరి ద్వారా నడుస్తుందో బాగా తెలుసు. కోపం వచ్చినప్పుడు ఆయన రాముడికి, సీతమ్మకి, తమ్ముళ్లకి చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి, ఎంతెంత ఖర్చయిందో లెక్క చెప్పి నిలదీస్తాడు. భక్తి సాహిత్యంలో అంత నిజాయితీ అయిన కోపం అరుదు. నేను అనేది ఒక్కటే. గోపన్నకు లెక్క చెప్పడానికి మొహరీలున్నాయి, పాడటానికి కీర్తనలున్నాయి, నిలదీయడానికి సుల్తాను ఉన్నాడు. దమ్మక్క పెట్టిన ఖర్చుకు లెక్క ఎవరు రాశారు?

రాయలేదు కాబట్టి మనమే వేసుకుందాం. పుట్ట మన్ను మామూలు మన్ను కాదు. చెదలు కట్టిన గోడ ఎండితే గునపానికి కూడా సులువుగా లొంగదు. దాన్ని బిందె నీళ్లతో కరిగించాలంటే ఎన్ని బిందెలు? గోదావరి ఎండాకాలం ఒడ్డుకు దూరంగా జరిగిపోతుంది. ఇసుకలో దిగి నడిచి, ముంచుకుని, ఇసుకలో నడిచి, ఒడ్డెక్కి, కొండెక్కాలి. ఆ మోత మోసింది ముసలామె. నీళ్లు మోసే పని మన ఊళ్లలో ఎవరిదో, అది ఎన్ని నడుములు వంచిందో చెప్పక్కర్లేదు. పురాణం దాన్ని ఒక్క వాక్యంలో 'అభిషేకించెను' అని ముగిస్తుంది. రోజూ పొయ్యి కింద బూడిద ఎత్తే పనిని ఎవరూ కథలో చెప్పనట్టే, పందిరి మీద తాటాకు ఏటా కప్పాల్సిన పనిని కూడా ఎవరూ చెప్పలేదు. తాటాకు కప్పు శాశ్వతం కాదు. వానకు నానుతుంది, గాలికి లేస్తుంది, చెద పడుతుంది. దమ్మక్క ఒక్కసారి పందిరి వేసి ఊరుకుని ఉండదు, వేస్తూనే ఉండి ఉంటుంది.

ఈ చూపు నాకు పుస్తకాల నుంచి రాలేదు. మా నాయనమ్మ నుంచి వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఊరు గోదావరికి ఇవతల, అడవి అంచున. మా ఇంట్లో ఎవరో హరికథ విని వచ్చి, దమ్మక్క రోజూ రాముడికి తాటిపండు పెట్టేదట అని చెప్తుంటే, నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అంది: "ఏడాది పొడుగునా తాటిపండు ఏడుంటది? వానల్లో నెలా నెలన్నర రాల్తది, అంతే గదా. ఎండాకాలం ముంజెలు పెట్టుంటది. సంకురాత్రి ముందర తేగలు తవ్వి పెట్టుంటది. ఏమీ లేన్నాడు గంజి పెట్టుంటది. ఆ చెప్పేటోళ్లు తాటిచెట్టు కింద ఎన్నడన్నా ఉన్నారా?"

ఇంతకంటే మంచి సాహిత్య విమర్శ ఆ కథ మీద నేను చదవలేదు. కథకులు ఒక్క పండును పట్టుకున్నారు, ఎందుకంటే అది పటంలో బాగుంటుంది. నాయనమ్మ మిగతా పది నెలల గురించి అడిగింది. నైవేద్యం అంటే ఆమెకు ఒక రోజు చేసి చూపించేది కాదు, మర్నాడు కూడా ఏదో ఒకటి వెతికి పెట్టాల్సింది. దేవుడైనా, మొగుడైనా, పసిపిల్లలైనా పొద్దున లేచేసరికి ఆకలితో ఉంటారని ఆమెకు తెలుసు. అందుకే దమ్మక్కను ఆమె మహాభక్తురాలిగా చూడలేదు. రేపటికి ఏం పెట్టాలా అని చూసుకునే ఆడమనిషిగా చూసింది.

నాయనమ్మ భక్తి గురించి నేను రాయబోతే నా కలం కూడా 'దేవుడంటే ప్రాణం' దగ్గరే ఆగబోతుంది. అందుకని జరిగినవి మాత్రం రాస్తాను. ఆమెకు ఇరవై నాలుగేళ్లు నిండకముందే తాతయ్య పోయాడు. అప్పటి నుంచి ఇల్లు దాటి వెళ్లడానికి ఆమెకు రెండే దారులు మిగిలాయి. ఒకటి పొలం, రెండోది భద్రాద్రి. 1965లో గోదావరి మీద వంతెన రాకముందు కూడా ఏటా శ్రీరామనవమికి వెళ్లేది. ఊరి ఆడవాళ్లతో కలిసి సద్దిమూట కట్టుకుని నడిచేది, రాత్రి చెట్ల కింద పడుకునేది, పడవ మీద దాటేది. పోను రాను నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఎవరికీ వండిపెట్టక్కర్లేదు. ఎవరూ పిలవరు. తోటి ఆడవాళ్లతో నవ్వుకుంటూ, పాడుకుంటూ నడవొచ్చు. 'దేవుడి పేరు చెప్పి తిరిగొచ్చేదానివా?' అని ఒకసారి నవ్వుతూ అడిగాను. "సాకు చెప్పి పోవాల్సిన గతి నాకేం పట్టింది? నా రాముడి దగ్గరికి నేను పోయేదాన్ని" అంది కటువుగా.

ఆ జవాబును నేను తేలిగ్గా తీసుకోలేను. భక్తి ఆడవాళ్లకు కదలికనిచ్చిందని, ఒక చోటు ఇచ్చిందని మనం సిద్ధాంతం చెప్తాం. అది నిజమే. కానీ ఆమె వైపు నుంచి చూస్తే అది ఉపాయం కాదు, హక్కు. 'నా రాముడు' అనే మాటలో ఉన్న ఆ 'నా' ముందు మామగారు కూడా నోరెత్తలేకపోయాడు. ఇంట్లో ఇంక దేని ముందూ ఆమె 'నా' అనలేదు. పొలం మామది, తర్వాత కొడుకులది. పశువులు ఇంటివి. చివరికి ఒంటిమీద బంగారం కూడా కూతురి పెళ్లికి తీసినప్పుడు ఎవరూ ఆమెను అడగలేదు.

కల్యాణం అయ్యాక ఆమె తెచ్చేది తలంబ్రాలు. భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తాయి. తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అంటారు. ఆ గులాల్ కలిపిన బియ్యపు గింజలు నాలుగు దొరికినా మా వైపు ఇళ్లల్లో దాచిపెట్టుకుని పెళ్లిళ్లలో తలంబ్రాలలో కలుపుతారు. మా వంశంలో ఒక తరం పిల్లలందరి తలల మీద పడిన ఆ గింజలు నాయనమ్మ నాలుగు రోజులు నడిచి, ఆ తొక్కిసలాటలో కొంగు పట్టి తెచ్చినవి. అయితే పెళ్లి రోజున ఆ మూట విప్పి కలిపే చెయ్యి మాత్రం ఆమెది కాదు. ఎవరో ఒక ముత్తయిదువను పిలిచేవాళ్లు. ఆమె వెనక వరసలో, స్తంభం పక్కన నిలబడేది. తెచ్చేటప్పుడు అడ్డురాని వైధవ్యం చల్లేటప్పుడు అడ్డొచ్చింది.

గుడి కథలో దమ్మక్కకూ ఇదే జరిగింది. పుట్ట కరిగించేటప్పుడు ఆమె చేతులు పనికొచ్చాయి, గుడి లేచేదాకా ఆమె పెట్టింది రాముడు తిన్నాడు. గోపురం లేచాక ఆగమ పద్ధతి వచ్చింది, వంశపారంపర్య అర్చకులు వచ్చారు, గర్భగుడికి గడప వచ్చింది. అక్కడితో కథ ఆమెను వదిలేసి గోల్కొండ కోటకు వెళ్లిపోతుంది. భక్తిని పొగడటానికీ, భక్తురాలికి అధికారం ఇవ్వడానికీ మధ్య దూరం ఎంతో ఆ గడప దగ్గర కనిపిస్తుంది.

దమ్మక్కను 'అపర శబరి' అని పిలవడం కూడా ఒకటుంది. గౌరవంగానే అంటారు. ఎంగిలి పళ్లు పెట్టిన అమాయకపు అడవి ముసలమ్మగా శబరి మన మనసుల్లో ముద్రపడింది. వాల్మీకి అరణ్యకాండలో ఆ ఎంగిలి పళ్లు లేవు. అక్కడి శబరి తపస్సు పండిన స్త్రీ, మతంగ మహర్షి శిష్యులకు సేవచేసి ఆ ఆశ్రమాన్ని ఒంటరిగా కాపాడుతున్న మనిషి. రాముడికి ఆ వనమంతా తిప్పి చూపించి, ఆ తర్వాత తనంత తానే అగ్నిలో ప్రవేశించి వెళ్లిపోయింది. తాపసిగా మొదలైన శబరిని తర్వాతి భక్తి కథలు అమాయకురాలిగా మార్చాయి. ఆ అమాయకత్వాన్నే తెచ్చి దమ్మక్కకు కట్టబెట్టాం. కొండెక్కి విగ్రహాలు వెతికి పట్టుకుని, ఊరిని కూడగట్టి, అడవి కొట్టించి, ఒక పూజను ఏళ్ల తరబడి నిలబెట్టిన మనిషి అమాయకురాలు ఎలా అవుతుంది?

మన సాహిత్య చరిత్రలో భక్తురాళ్లు లేకపోలేదు. మొల్ల రామాయణం రాసింది. తరిగొండ వెంగమాంబ వైధవ్యాన్ని ధిక్కరించి తిరుమల చేరి కావ్యాలు రాసింది, ఆమె పేరు మీద ముత్యాల హారతి ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. వాళ్లు రాశారు కాబట్టి నిలిచారు. రాయనివాళ్ల సంగతేమిటి? వెల్చేరు నారాయణరావు తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద 1991లో అచ్చయిన వ్యాసంలో, ఆడవాళ్లు పాడుకునే రామాయణంలో యుద్ధాలకంటే కౌసల్య వేవిళ్లు, ఊర్మిళ నిద్ర, శాంత గోవిందనామాలు లాంటివే పెద్ద విషయాలని చూపించారు. అంతకుముందే 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల నోటి మాటే చరిత్రకు ఆధారం కాగలదని నిరూపించింది. పోరాటం చేసిన ఆడవాళ్ల దగ్గర మనం టేప్ రికార్డర్ పెట్టి కూర్చున్నాం. పూజ చేసిన ఆడవాళ్ల దగ్గర మాత్రం కూర్చోలేదు. వాళ్లు చెప్పేదేముంటుంది అనుకున్నాం.

రంగనాయకమ్మగారి 'రామాయణ విషవృక్షం' నా తరానికి ప్రశ్నించడం నేర్పింది. ఆ రుణం ఉంది. అది నిలదీసింది గ్రంథాన్ని. నాయనమ్మ ఆ గ్రంథం చదవలేదు, వినడం కూడా ముక్కలు ముక్కలుగానే విన్నది. సీతమ్మను అడవికి పంపినందుకు ఆమెకు రాముడి మీద చచ్చేంత కోపం. "ఆ ఒక్క పని చేయకుండా ఉంటే బాగుండేది" అని కల్యాణం చూసి వచ్చిన రోజు కూడా అనేది. కోపం ఉంచుకునే దండం పెట్టేది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో మన విమర్శ చెప్పగలగాలి.

ఇక అడవి సంగతి. కొన్ని కథనాలు దమ్మక్కను కోయ స్త్రీ అంటాయి, కొన్ని వట్టి 'వృద్ధ భక్తురాలు' అని ఊరుకుంటాయి. ఈ తేడా చిన్నది కాదు. అదే గోదావరి అడవుల్లో కోయల సమ్మక్క, సారలమ్మ ఉన్నారు. మేడారంలో సమ్మక్క దేవతే అయింది. ఆమెకు విగ్రహం లేదు, చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణగా గద్దెకు వస్తుంది, తెచ్చేది కోయ పూజారులు. ఈ అక్క రాజు సైన్యంతో పోరాడి దేవత అయింది. మన దమ్మక్క దేవుణ్ణి వెతికిచ్చి సేవకురాలిగా మిగిలింది. ఇటీవల దేవస్థానం దమ్మక్క పేరిట సేవాయాత్ర జరిపి చుట్టుపక్కల గూడేల గిరిజనులను గుడికి పిలుస్తోంది. మంచిదే. ఏడాదిలో ఒక రోజు దొరికే ఆ మర్యాద మిగతా రోజుల్లో ఆ గూడేల ఆడవాళ్లకు దొరుకుతోందా అన్నదే ప్రశ్న.

దమ్మక్క చేసిన పనిని పురాణం భాష తీసేసి చెప్పి చూడండి. ఒక ముసలామె అడవి నరికి, చదును చేసి, గుడిసె వేసింది. దేవుడి కోసం చేస్తే అది భక్తి. ఇప్పుడు అదే అడవిలో కోయ ఆడమనిషి పిడికెడు జొన్నల కోసం పోడు కొడితే అది ఆక్రమణ. 2006 అటవీ హక్కుల చట్టం పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చెప్పింది. ఆ పట్టా చేతికి రావడానికి ఆడవాళ్లు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో మా వైపు తిరిగినవాళ్లకు తెలుసు. మాకు విస్తళ్ల కోసం అడ్డాకు తెచ్చి ఇచ్చి, బదులుగా బియ్యం పట్టుకెళ్లే కోయ ఆడవాళ్లను నాయనమ్మ పేరుపేరునా పిలిచేది. రాముడికి మొదట తిండి పెట్టింది వాళ్ల మనిషేనని నమ్మేది. నమ్మినా, వాళ్లకు నీళ్లు అరుగు కిందనే పోసేది. ఇది కూడా రాయాలి. అవ్వల భక్తిని రాసేటప్పుడు ఆ అరుగు ఎత్తును కూడా రాయకపోతే అది సగం రచనే అవుతుంది.

ఈ అంచు ఊళ్లు ఎక్కువ కాలం ఉండవు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ వరదలు వచ్చి తగ్గాయి. పోలవరం ముంపు అలా తగ్గేది కాదు. దాని కోసమే 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల్లోని ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం, గుడి తెలంగాణలో ఉండిపోయాయి. చుట్టూ ఉన్న పల్లెలు కొన్ని అవతలి రాష్ట్రంలోకి వెళ్లాయి. 2016లో జిల్లాలు మారాక ఈ గుడి ఉన్న జిల్లాకు భద్రాద్రి పేరే పెట్టారు. రాముడికి జిల్లా వచ్చింది. ఆయనకు నడిచి వెళ్లిన అవ్వల ఊళ్లు మునిగే జాబితాలో ఉన్నాయి. నష్టపరిహారం కాగితాల్లో ఇల్లు ఉంటుంది, చెట్టు ఉంటుంది, భూమి ఉంటుంది. ముత్యాలమ్మ చెట్టు కింద నలభై ఏళ్లుగా దీపం పెట్టిన ముసలామెకు ఆ చోటు మీద ఉన్న హక్కును రాసే గడి ఆ కాగితంలో లేదు. ఆ హక్కుకు మాటలు వెతకాల్సిన పని స్త్రీవాద విమర్శది. ఆమె భక్తిని 'ప్రాణం' అనే ఒక్క మాటలో చుట్టేస్తే, అడగాల్సిన సమయానికి మన దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

అందుకే అవ్వల మీద రాయబోయేవాళ్లకు నాదొక విన్నపం. ఆమె ఎంత మంచిదో తర్వాత రాయండి. ముందు కొన్ని అడగండి. తీర్థానికి ఎవరెవరితో వెళ్లావు, దారిలో ఎక్కడ పడుకున్నావు, డబ్బులు ఎక్కడివి, ఎవరు వద్దన్నారు? ఏ పూజలో నిన్ను ముందుకు పిలిచారు, ఎక్కడ వెనక్కి నిలబెట్టారు? నువ్వు ఎవరిని వెనక్కి నిలబెట్టావు? దేవుడి మీద ఎప్పుడు కోపం వచ్చింది, ఏం తిట్టావు? వంటింట్లో ఏమీ లేని రోజున నైవేద్యం ఏం పెట్టావు? కూనవరం, వేలేరుపాడు వైపు ఊళ్లలో జవాబు చెప్పగల ముసలమ్మలు ఇంకా ఉన్నారు. పునరావాస కాలనీలకు తరలిపోయినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను ముందు అడగాలి.